బస్సు మీది మంటపం

ఓబులేసుకు ఒక నీడతో చిక్కొచ్చి పడింది.

పెద్ద నీడేం కాదు. మనిషి నడుమెత్తు ఉండే స్టీలు మంటపం నీడ. ఆ మంటపం గురువు చెన్నబసమ్మ తిరిగే మినీ బస్సు పైకప్పు మీద, నట్టనడుమ ఉంది. దానికి కుడిపక్క ఒక సోలార్ ప్యానెల్, ఎడమపక్క ఒకటి. బస్సును ఏ దిక్కుకు తిప్పి నిలబెట్టినా ఏదో ఒక ప్యానెల్ మీద మంటపం నీడ పడుతూనే ఉంది. ప్యానెల్ మీద అరచెయ్యంత నీడ పడితే చాలు, మొత్తం ప్యానెల్ నీరసపడిపోతుంది. ఆ నీరసం బస్సు లోపల తెలుస్తోంది. వంటగట్టు కింద ఉన్న చిన్న ఫ్రిజ్ పొద్దు గూకకముందే ఆగిపోతోంది.

ఫ్రిజ్‌లో పాలో పెరుగో ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కారు. ఉన్నవి దస్తగిరి ఇన్సులిన్ సీసాలు.

చెన్నబసమ్మ తత్వాలు పాడే గురువు. ఆమెకు ఆశ్రమం లేదు. కదిరికి అవతల కొండల్లో గొర్రెల మందలు ఎక్కడ దిగితే అక్కడికి బస్సు పోతుంది. మంద పక్కనే నిలబడుతుంది. సాయంత్రం కాపరులు చేరతారు, ఆమె పాడుతుంది, అడిగినవాళ్లకు నాలుగు మాటలు చెబుతుంది. మంద కదిలితే బస్సు కూడా కదులుతుంది. ఆమె గురువు మల్లప్పయ్య ఈ కొండలన్నీ కాలినడకనే తిరిగాడు. ఆయన పోయాక ఆమె కూడా చాలాకాలం అట్లాగే తిరిగింది. మోకాళ్లు అరిగిపోయాక శిష్యులు ఒక పాత స్కూలు బస్సు కొని, సీట్లు పీకేసి, ఇల్లుగా మార్చారు. రెండు బల్లలు, ఒక పొయ్యి, నీళ్ల డ్రమ్ము, బట్టలకు ఒక చెక్క అర. అంతే సంసారం.

దస్తగిరి డోలక్ వాయిస్తాడు. ఆమె నడుస్తూ తిరిగిన రోజుల నుంచీ వెంట ఉన్నవాడు. పాటలో ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆమెకంటే ముందు అతని వేళ్లకు తెలుస్తుంది. చక్కెర జబ్బు ముదిరి కొన్నేళ్లుగా సూది మందు మీద బతుకుతున్నాడు. సూది వేసేది చెన్నబసమ్మే. కళ్లద్దాలు పెట్టుకుని, సిరంజిని వెలుతురుకు ఎత్తి, నోటితో గీతలు లెక్కబెట్టి వేస్తుంది.

పోయిన వేసవిలో మందును తడి ఇసుక పోసిన కుండలో పెట్టారు. ఆ ఎండలకు కుండ ఆగలేదు. పైకి మందు మందులాగే ఉంది, లోపల దాని శక్తి పోయింది. ఆ సంగతి దస్తగిరి స్పృహ తప్పి పడ్డాక గానీ ఎవరికీ తెలియలేదు. బస్సులోనే కదిరి ఆస్పత్రికి తీసుకుపోయారు. డాక్టరు ఒకటే మాట చెప్పాడు. బస్సులో ఫ్రిజ్ అయినా పెట్టుకోండి, లేదంటే ఈయన్ను ఫ్రిజ్ ఉన్న ఇంట్లోనైనా పెట్టండి.

అప్పుడు ముందుకొచ్చినవాడు ఓబులేసు.

అతనిది ధర్మవరం. బోర్లకు సోలార్ మోటార్లు బిగించడం వృత్తి. మూడేళ్ల కిందట చెన్నబసమ్మ దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. వేసవి వస్తే పని తమ్ముడికి అప్పజెప్పి, బస్సు నడపడానికి వచ్చేస్తాడు. సోలార్ పని తన సేవ అన్నాడు. ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

ప్యానెళ్లను ఎంచడంలో అతను తొందరపడలేదు. రేకు మీద అతికించే పల్చటి షీట్లు వస్తున్నాయి, బరువుండవు, వంపుకు తగ్గట్టు వంగుతాయి, అవి వెయ్యమన్నారు కొందరు. ఓబులేసు వద్దన్నాడు. రేకుకు అతుక్కున్న షీటుకు కింద గాలి ఆడదు. అది కాగిపోతుంది. కాగిన ప్యానెల్ కరెంటు తక్కువిస్తుంది, తొందరగా ముసలిదవుతుంది. అందుకని అల్యూమినియం చట్రంలో బిగించిన అద్దం ప్యానెళ్లు తెచ్చాడు. వాటి కింద చెయ్యి పట్టేంత సందు వదిలి, గాలికి దారి ఇచ్చాడు. ఉత్త రేకులో కాకుండా, కింద ఇనుప పట్టీలు ఉన్నచోట చూసి బోల్టులు దింపాడు. ప్రతి బోల్టు కిందా రబ్బరు వాషరు, పైన సీలెంటు. అంతా అయ్యాక పైన బిందెలతో నీళ్లు పోయించి, తను బస్సులో వెల్లకిలా పడుకుని పైకప్పును చూస్తూ ఉండిపోయాడు. చుక్క కారలేదు.

"వానాకాలం గూడా నువ్విట్లనే పండుకోని సూస్తాండాలప్పా," అన్నాడు దస్తగిరి గుమ్మంలో నిలబడి. "మేం బయట తడుస్తాంటాం."

మంటపం కూడా ఓబులేసు బిగించిందే. ఇంకా చెప్పాలంటే, అది ముందు వచ్చింది, ప్యానెళ్లు తర్వాత వచ్చాయి.

మల్లప్పయ్య పాదుకలు అంతకుముందు డ్రైవరు సీటు వెనక గుడ్డసంచిలో వేలాడుతూ ఉండేవి. పాదుకలంటే కర్రవి కావు. మందంగా కుట్టించిన తోలు చెప్పులు. ఏటా గురుపూజకు దస్తగిరి వాటికి ఆముదం రాసి, మెత్తగా తుడిచి, మళ్లీ సంచిలో పెట్టేవాడు. అంతటి గురువు పాదుకలు సంచిలో వేలాడటం ఓబులేసుకు నచ్చలేదు. తాడిపత్రి శిష్యులు స్టీలు ఇస్తే, నాలుగు స్తంభాలు నిలిపి, పైన చిన్న శిఖరం పెట్టి, లోపల అద్దాల పెట్టె అమర్చి, తన చేత్తోనే వెల్డింగ్ చేశాడు. గురుపూజ రోజు దాన్ని నలుగురు శిష్యుల భుజాల మీద ఊరేగింపుగా తెచ్చి బస్సు మీద బిగించాడు.

ఆ రోజు చెన్నబసమ్మ బస్సు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"బాగుంది నాయనా," అంది. "బస్సుకు బరువు కాదు గదా?"

"కాదమ్మా."

"సరే."

అప్పటి నుంచీ పైకప్పు మీదికి చెప్పులేసుకుని ఎవరూ ఎక్కకూడదని ఓబులేసే కట్టడి చేశాడు. పాదుకల కంటే ఎత్తున ఏ వస్తువూ ఉండకూడదన్నాడు. ఆ కట్టడికి మొదట కట్టుబడింది అతనే. అందుకే ప్యానెళ్లను పైకి లేపకుండా, మంటపం పీఠానికి కూడా దిగువన, రెండు పక్కలా ఒదిగి ఉండేటట్టు పెట్టాడు. నీడ పడుతుందని తెలియక కాదు. పడితే ఎంత పడుతుందిలే అనుకున్నాడు.

మొదట్లో తీగల్లో తేడా ఉందనుకున్నాడు. ఒకదాని వెనక ఒకటి కలిపిన ప్యానెళ్లను విడదీసి, దేనికది కలిపాడు. కొంచెం మెరుగు, అంతే. బ్యాటరీ పెద్దది మార్చాడు. నిండని బ్యాటరీ ఎంత పెద్దదైతే ఏం లాభం. నేల మీద పరిచే మడత ప్యానెల్ ఒకటి తెచ్చి మంద పక్కన పరిచాడు. ఒక పొట్టేలు దాని మీదికి ఎక్కి, నాలుగు కాళ్లూ సర్దుకుని, అక్కడి నుంచి మందంతా ఒకసారి కలియజూసింది. మడత ప్యానెల్ కథ అంతటితో ముగిసింది.

ఇక మిగిలినవి రెండు దారులు. ప్యానెళ్లకు కాళ్లు పెట్టి మంటపం కంటే ఎత్తు లేపాలి. లేదా మంటపాన్ని అక్కడి నుంచి తీసెయ్యాలి. వెనక్కి జరుపుదామంటే అక్కడ నిచ్చెన ఉంది, ఎక్కే ప్రతివాడి కాళ్లూ పాదుకల మీదుగా పోతాయి. ఈ ఆలోచనలన్నీ ఓబులేసు రాత్రీ పగలూ చేశాడు. ఎవరితోనూ అనలేదు.

అతను అనకముందే దస్తగిరి తన దారి చూసుకున్నాడు.

ఆ పొద్దున బస్సు కాపరి నింగప్ప మంద దిగిన కొండ కిందికి పోతోంది. చెన్నబసమ్మ వెనక బల్ల మీద కునుకు తీస్తోంది. దస్తగిరి వచ్చి ఓబులేసు పక్కన ఇంజను మూత మీద కూర్చున్నాడు.

"ఓబులేసూ, ఈ మందకాణ్ణించి తిరిగొచ్చేటప్పుడు నన్ను కదిరి బస్సెక్కించు."

"కదిరిలో ఏం పని తాతా?"

"మా అక్కకూతురు ఇంట్లో ఫ్రిజ్జుంది. శానా పెద్దది. లోపల ఏమీ ల్యాకపోయినా రాత్రంతా గుయ్యిమని మోగుతాంటుంది."

ఓబులేసు రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. "అమ్మకు చెప్పినావా?"

"డోలక్కుకు చెప్పినా. అమ్మకు నువ్వు చెప్పాల."

"నేనెందుకు చెప్పాల?"

"బాగు చేస్తానన్నోడివి నువ్వే గదప్పా," అన్నాడు దస్తగిరి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే అది ఓబులేసుకు ఎక్కువ తగిలింది.

కాసేపటికి దస్తగిరే మళ్లీ అన్నాడు. "పోయినేడు నేను పడిపోయినప్పుడు ఆమె ఆస్పత్రి వరండాలో కింద కూసోని ఉండె. ఆ మోకాళ్లతో. లేపడానికి ఇద్దరు నర్సమ్మలు పట్టినారంట. ఈ వయసులో ఆమెను మళ్లా అట్ల కూసోబెట్టలేనప్పా."

ఓబులేసు గేరు మార్చి, మంద దాకా బస్సు నడిపాడు.

నింగప్ప ఎదురొచ్చి చెన్నబసమ్మ కాళ్లకు మొక్కాడు. మేకపాలు కాచి పెట్టించాడు. పాలు తాగుతున్న ఓబులేసు పక్కన గొంతుకూర్చుని బస్సు పైకి చూశాడు.

"ఆ అద్దాలేందప్పా?"

"ఎండను కరెంటు చేస్తాయి."

"నడిమిట్ల ఆ గుడి?"

"పెద్దయ్య పాదుకలుండాయి అందులో."

"మల్లప్పయ్య చెప్పులా?" నింగప్ప ముఖం విప్పారింది. "అవింకా ఉండాయా? మా నాయన ఒకసారి వాటికి కొత్త అట్ట ఏయించుకోనొచ్చినాడు. తుమ్మముల్లు దిగబడి అట్ట చీలిపోయిండె. ఆయన ఆ పూటంతా ఈ చెట్టు కిందనే కూసోని, చెప్పులెప్పుడొస్తాయా అని దావ సూస్తాండె. చెప్పుల్లేకుంటే అడుగు పెట్టేవాడు కాదు ఆయన."

ఓబులేసు పాల గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

ఎండ ముదిరింది. శివరాత్రి దాటి ఎన్నాళ్లూ కాలేదు, అయినా కొండరాళ్ల మీద గాలి వణుకుతూ కనిపిస్తోంది. ఆ రోజు ఫ్రిజ్ సాయంత్రం దాకా కూడా ఆగలేదు. ముందురోజు మబ్బు పట్టడంతో బ్యాటరీ సగం కూడా నిండలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికే ఫ్రిజ్ ఒకసారి కీచుమని ఊరుకుంది.

ఓబులేసు దాని ముందు కూర్చుని, మీట నొక్కి, వైర్లు కదిపి, మళ్లీ మీట నొక్కాడు. ఏమీ లాభం లేదని అతనికి తెలుసు. తెలిసి కూడా ఇంకోసారి నొక్కాడు. ఫ్రిజ్ తలుపు తెరిచి చూస్తే అందులో మందు డబ్బా లేదు.

బయటికి వచ్చాడు.

బస్సు నీడలో, చక్రానికి ఆనుకుని దస్తగిరి నిద్రపోతున్నాడు. తల దగ్గర బట్టల మూట. పొద్దున లేనిది అది. ప్రయాణానికి కట్టుకున్న మూట.

అతనికి కాస్త ఎడంగా చెన్నబసమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో మందు డబ్బా. దాని చుట్టూ తడిపి పిండిన తన పాత చీర ముక్క. విసనకర్రతో ఆ డబ్బాకు విసురుతోంది. ఆమె నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. తనకు విసురుకోవడం లేదు. దస్తగిరికీ విసరడం లేదు. పసిబిడ్డకు విసిరినట్టు ఆ డబ్బాకే విసురుతోంది.

ఓబులేసు ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, తాత దిగిపోతాడంట."

"ఎవరు చెప్పినారు?"

"తాతే చెప్పినాడు."

"డోలక్కుకు చెప్పినాడా?"

"చెప్పినాడంట."

"అయితే నిజమే," అంది. విసనకర్ర ఆగలేదు.

ఓబులేసు అప్పటిదాకా దాచుకున్నదంతా చెప్పాడు. ప్యానెళ్లు మంచివేనన్నాడు. బిగింపులో లోపం లేదన్నాడు. నీడ సంగతి చెప్పాడు. దానికి రెండే దారులున్నాయని, ఆ రెండూ తన చేత్తో చెయ్యలేనని చెప్పాడు. పెద్దయ్య పాదుకల కంటే ఎత్తున ఏదైనా పెడితే ఆ పాపం ఏ నీళ్లతో కడుక్కుంటే పోతుందన్నాడు. చివరికి, ఆగి, మెల్లగా అడిగాడు.

"నా సేవలో ఏమన్నా లోపముందామ్మా?"

చెన్నబసమ్మ బస్సు పైకి చూసింది.

"ఇప్పుడు పైన నీడ యాడిదాకా పడ్తాంది?"

"ఇప్పుడు సూడలేదమ్మా."

"సూసిరా పో."

"రేకు కాల్తాందమ్మా. పొద్దు గూకినాక ఎక్కుతా. దినామూ అప్పుడే ఎక్కుతా నేను."

"పొద్దు గూకినాక నీడ ఉంటాదా?"

ఓబులేసు తల దించుకున్నాడు. ఆమె చూపు అతని కాళ్ల మీదికి పోయింది. ఎడమ పాదం అంచున పొక్కు లేచి, చిట్లి, మానుతున్న మచ్చ ఉంది. నాలుగు రోజుల కిందట బోల్టు బిగించడానికని ఎండ దిగకముందే ఎక్కాడు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ పాదాన్ని వెనక్కి లాక్కున్నాడు.

చెన్నబసమ్మ డబ్బాను అతని ఒళ్లో పెట్టింది. విసనకర్ర చేతికిచ్చింది.

"విసురు," అంది.

అతను విసరసాగాడు. ఆమె నేల మీద చెయ్యి ఆనించి, మోకాలు పట్టుకుని, మెల్లగా లేచింది. బస్సు వెనకవైపుకు నడిచింది. నీళ్లకో దేనికో అనుకున్నాడు. నిచ్చెన కిర్రుమంది.

"అమ్మా," అని లేవబోయాడు.

"విసరడం ఆపొద్దు," అని వినిపించింది అవతల నుంచి.

లేస్తే డబ్బా కింద పడుతుంది. ఆపితే మందు కాగుతుంది. అతను కూర్చున్నచోటే పక్కకు వంగి, మెడ సాచి, విసురుతూనే ఉన్నాడు. ఆమె ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెడుతూ ఎక్కుతోంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. మూడేళ్లలో ఆమె ఆ నిచ్చెన ఎక్కడం అతను చూడలేదు.

మాటలకు దస్తగిరి లేచాడు. "అమ్మేదీ?"

ఓబులేసు పైకి చూపించాడు. దస్తగిరి ఒకసారి చూశాడు. లేచి వెళ్లి నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

పైన ఆమె పాదాలు రేకు మీద పడిన చప్పుడు వినిపించింది. వట్టి పాదాలు. గబగబా నాలుగు అడుగులు. ఆ మోకాళ్లతో ఆమె అంత వేగంగా నడవడం వింత. నడిపించింది రేకు వేడి. అద్దాల పెట్టె గొళ్లెం తీసిన చప్పుడయింది. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఓబులేసు విసనకర్ర చప్పుడు ఒక్కటే.

మళ్లీ అడుగులు వినిపించాయి. ఈసారి మెత్తగా, నిమ్మళంగా. తోలు చప్పుడు.

ఆమె నిచ్చెన దిగుతుంటే ముందు కనిపించినవి ఆ చెప్పులే. మల్లప్పయ్య చెప్పులు. ఆమె కాళ్లకు ఉన్నాయి.

ఓబులేసు చెయ్యి విసరడం మరిచిపోయింది. దస్తగిరి మాత్రం అదేమీ కొత్త కానట్టు, ఆమె కాలు ఏ మెట్టు మీద పడుతుందో చూస్తూ, చెయ్యి అందించి దించాడు.

ఆమె వచ్చి ఓబులేసు ముందు నిలబడింది. చెప్పులు విడిచింది. కాలితో కొంచెం ముందుకు జరిపింది. డబ్బా, విసనకర్ర అతని దగ్గర నుంచి తీసుకుంది.

"ఏసుకో. రేకు కాల్తాంది."

"అమ్మా, అవి పెద్దయ్యవి."

"కాల్తాందని నువ్వే గదా చెప్పినావు."

ఓబులేసు చాలాసేపు వాటిని చూస్తూ ఉండిపోయాడు. అట్ట మడమ దగ్గర ఒకవైపే అరిగి ఉంది. నింగప్ప వాళ్ల నాయన వేయించిన అట్టే అయి ఉండాలి. పట్టీ మీద ఆముదం మెరుపు. అతను వంగి, రెండు చేతులతో వాటిని తీసుకుని, కళ్లకు అద్దుకున్నాడు. చెన్నబసమ్మ వద్దనలేదు. తొందర పెట్టలేదు. డబ్బాకు విసురుతూ కూర్చుంది. అప్పుడతను వాటిని నేల మీద పెట్టి, కుడి కాలు దూర్చాడు. తర్వాత ఎడమది.

పానాల సంచి భుజానికి తగిలించుకుని నిచ్చెన ఎక్కాడు.

ఎండవేళ ఆ పైకప్పు మీద తీరిగ్గా నిలబడటం అతనికి అదే మొదటిసారి. వేడి ముఖానికి కొట్టింది. పాదాలకు మాత్రం అందలేదు. మంటపం నీడ కుడివైపు ప్యానెల్ మీద పరుచుకుని ఉంది. నాలుగు స్తంభాలూ, శిఖరమూ, అంచుకు తను ముచ్చటపడి వేసిన పూలతీగె డిజైనూ, అన్నీ అద్దం మీద నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. ప్రతి వంపూ తన చేతిదే. పొద్దు గూకాక ఎక్కినప్పుడు ఇవేవీ కనిపించేవి కావు.

అతను నీడ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. తర్వాత సంచిలోంచి పానా తీశాడు.

బోల్టులు సులువుగా రాలేదు. తను బిగించినవి కదా. ప్రతి బోల్టు దగ్గరా చెమట చుక్కలు రేకు మీద పడి ఆవిరైపోయాయి. పీఠం ఊడాక, కింద బోల్టులు పోయిన రంధ్రాలకు సీలెంటు పెట్టి, పైన రబ్బరు అతికించి మూశాడు. నింగప్ప ఇద్దరు కాపరులను కేకేశాడు. తాళ్లు కట్టి మంటపాన్ని బస్సు పక్కగా దించారు. అది అనుకున్నదాని కంటే బరువుంది.

"మెల్లగప్పా, మెల్లగ," అంటూ కింద నిలబడి దస్తగిరి ఒక్క చెయ్యి వేశాడు. "ఇంత బరువు మోస్తాండినామా మనం ఇన్నాళ్లూ?"

"నువ్వు యాడ మోసినావు తాతా. బస్సు మోసింది," అన్నాడు ఓబులేసు పైనుంచి.

"దాన్ని తోసింది ఎవరప్పా, బురదలో?"

ఓబులేసు నవ్వాడు. ఆ వేసవిలో అతను నవ్వింది అప్పుడే.

రెండు ప్యానెళ్ల మీదా దుమ్ము తుడిచాడు. అద్దం మీద ఆకాశం తప్ప ఇంకేమీ లేకుండా చూశాడు. దిగి లోపలికి పోయి మీటరు ముందు నిలబడ్డాడు. అంకె ఎక్కుతోంది. ఎండ ఇంకా మిగిలి ఉంది. కాసేపటికి ఫ్రిజ్ గొంతు సవరించుకుని, ఒకసారి వణికి, సన్నగా మోగడం మొదలుపెట్టింది.

చెన్నబసమ్మ డబ్బా తెచ్చి లోపల పెట్టింది. తలుపు మూసి, కాసేపు దాని మీద చెయ్యి ఆనించి ఉంచింది.

ఎండ చల్లబడ్డాక కాపరులు ఒక్కొక్కరే చేరారు. ఆ పొద్దున పుట్టిన గొర్రెపిల్ల ఒకటి తల్లిని వెతుక్కుంటూ వచ్చి, నేల మీద ఉన్న మంటపం స్తంభాల నడుమ దూరి ముడుచుకుని పడుకుంది. నింగప్ప దాన్ని తోలబోయి, మానుకున్నాడు.

"ఇది ఈడనే ఇడిచిపెడతారామ్మా?" అని అడిగాడు. "ఎండకు పిల్లలకు బాగుంటాది."

చెన్నబసమ్మ ఓబులేసు వైపు చూసింది. జవాబు అతన్నే చెప్పనిచ్చింది.

"పెట్టుకోన్నా," అన్నాడు ఓబులేసు. "అంచులు వాడిగా ఉండాయి. పోయేలోపల అరగదీసి ఇస్తా."

బస్సులో దస్తగిరి మూట విప్పాడు. చొక్కాలు దులిపి, మడతపెట్టి, చెక్క అరలో ఎప్పుడూ ఉండేచోట పెట్టుకున్నాడు. అరను మూసి, తిరిగి తెరిచి, ఒక లుంగీ బయటికి తీశాడు. స్నానానికి పోతూ ఫ్రిజ్ దగ్గర ఆగి, వంగి, చెవి పెట్టి విన్నాడు.

"శానా చిన్నగ మోగుతాందే," అన్నాడు.

"చిన్నదే గద తాతా."

"పోనీలే. మాకు నిద్ర పడ్తాది."

ఓబులేసు బయట చెన్నబసమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె చాప మీద కూర్చుని, రేకు మీద కాలిన అరికాళ్లకు వెన్న రాసుకుంటోంది. అతను ఆ పాదాల వైపు చూశాడు. ఆమె చేతిలోంచి వెన్నగిన్నె తీసుకుని, కింద కూర్చుని, తనే రాశాడు. ఆమె రాయించుకుంది.

గిన్నె పక్కన పెట్టాక అతను లేచి, చెప్పులు విడవబోయి, ఆగాడు. విడిస్తే ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు. సంచి లేదు. మంటపం లేదు.

"అమ్మా, వీటిని యాడ పెట్టాల?"

చెన్నబసమ్మ అతని కాళ్ల వైపు చూసింది.

"సరిపోయినాయా?"

"కొంచెం పెద్దవమ్మా."

"ఆయనకూ పెద్దవే," అంది చెన్నబసమ్మ. "అట్లనే ఏసుకోని తిరిగినాడు."